ఊరి పేరే ఇంటిపేరు

మా పిన్ని పెళ్ళయ్యాక కూడా తన ఇంటిపేరు మార్చుకోలేదు. ఇంట్లో ఫోన్ కూడా ఆ పేరు మీదే పెట్టించుకుంది. "కాపురం నాతో, పేరు మాత్రం పుట్టిన ఊరితో" అని బాబాయి నలుగురిలో వేళాకోళం చేసేవాడు. "పేరు మార్చుకుంటే మా అన్న నన్నెలా వెతుక్కుంటాడు?" అనేది పిన్ని. 

ఆ ఇంటిపేరు ఒక ఊరి పేరు. పాతదంటే అలాంటిలాంటి పాతది కాదు. అక్కడ మొదట ఎవరు ఏలారో, ఏ భాష మాట్లాడారో చెప్పగలిగినవాళ్ళు లేరు, పేరు మాత్రం నిలిచింది. ఆ ఊళ్ళో ఎర్రమట్టితో లోతుగా, అంచు బయటికి వంచి చేసే గిన్నెల్ని వర్తకులు నలుమూలలా అమ్మారు. దాంతో చుట్టుపక్కల ఏ భాషలో చూసినా అలాంటి గిన్నెకి ఆ ఊరి పేరే స్థిరపడింది, ఒక్కొక్కరి నోట ఒక్కో తీరుగా. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేసినా అదే పేరు. అది చూస్తే పిన్నికి ఒళ్ళు మండేది. "మా ఊరికి ఈ గతి కూడా పట్టాలా!" అని దుకాణదారుణ్ణి దులిపేసేది.

యుద్ధంలో ఊరు తగలబడిపోయింది. చెల్లాచెదురైన పిల్లల్ని శిబిరాల్లో పోగేసి "మీరు ఎవరి పిల్లలు?" అని అడిగారట. పసివాళ్ళు ఏం చెబుతారు? ఊరి పేరు చెప్పారు. గుమాస్తాలు దాన్నే ఇంటిపేరుగా రాసేసుకున్నారు. వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ తిట్లే వస్తాయి. అందరికీ ఒకే పేరు అంటగడితే రేపు ఎవరు ఎవర్ని పోల్చుకుంటారని ఒక్కడికైనా తట్టలేదు.

పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరింది అన్న కోసమే. పనిలో సందు దొరికితే చాలు, ఊరూరి డైరెక్టరీలు ముందేసుకుని తన ఇంటిపేరున్న మగవాళ్ళకి ఫోన్ చేసేది. పై అధికారి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ పేరున్నవాళ్ళు లెక్కకి మించి ఉన్నారు. వాళ్ళూ చెల్లెలి కోసమో తమ్ముడి కోసమో వెతుక్కుంటున్నవాళ్ళే. పిన్ని ఒకటే ప్రశ్న అడిగేది: "మీ చెల్లెల్ని ఏమని పిలిచేవారండీ?" ఒకాయన బుజ్జి అనేవాడు, ఇంకొకాయన చిట్టి అనేవాడు. పిన్నికి కావలసిన జవాబు "గుండు". చిన్నతనమంతా తలలో పుండ్లని వాళ్ళమ్మ నున్నగా గొరిగించేదట. కుండల బట్టీ పక్క గది వాళ్ళది. చలికి ఇద్దరూ ఆ వెచ్చటి గోడకి వీపులానించి కూర్చుంటే, అన్న అరచేత్తో ఆ గుండు నిమిరేవాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిన్ని చెయ్యి తల మీదికి పోయేది. జుట్టు నెరిశాక కూడా ఆ అలవాటు పోలేదు.

రిటైరయ్యాక ఇంటి నుంచి చేసేది. బాబాయి పోయాక తోడుగా నేను వచ్చి ఉన్నాను. ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. పిన్ని ఎత్తింది. అవతల ఏదో ఆసుపత్రి నర్సు. ఒక పెద్దాయనకి చివరి ఘడియలట, అదే ఇంటిపేరట, డైరెక్టరీలో పిన్ని పేరు చూపించి చెయ్యమన్నాడట. ఫోన్ ఆయనకిచ్చింది. ఓపిక లేకపోయినా గట్టిగా అరుస్తున్నాడు. ఆ గొంతు నాకూ వినబడింది.

"చెల్లీ, నువ్వేనా? నీ జడ రోజూ నేనే వేసేవాణ్ణి. గుర్తుందా తల్లీ?"

పిన్ని నోరు తెరిచింది. ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడుగుతుందనుకున్నాను.

"గుర్తుంది అన్నయ్యా," అంది. "గట్టిగా లాగేవాడివి. ఏడ్చేదాన్ని."

"ఇంకెప్పుడూ లాగనులే," అన్నాడాయన. ఆ తర్వాత మాటలు స్పష్టంగా లేవు. నర్సు పెట్టేసేదాకా పిన్ని "ఊఁ, ఊఁ" అంటూనే ఉంది.

నాకు కోపం ఆగలేదు. "అదేంటి పిన్నీ! నీకు జడెక్కడిది? ఆయన సొంత చెల్లెలు ఎక్కడో ఎదురుచూస్తూ ఉంటే?"

"ఉంటుందే. ఆవిడ దొరికేదాకా ఆయన ఆగేలా లేడు," అంది.

అంతే, మళ్ళీ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. డైరెక్టరీలు అటక మీద పెట్టించింది. నాకే మనసొప్పక ఒకరోజు ఒక నంబరు తిప్పి రిసీవరు చేతికిచ్చాను. పిన్ని దాన్ని మెల్లగా తీసి ఫోన్ మీద పెట్టేసింది. ఇంకో చెయ్యి తల మీదే ఉంది.

"మా అన్నకి కూడా ఈపాటికి ఎవరో ఒకావిడ నేనేనని చెప్పే ఉంటుందిలే," అంది.