నేను ఎలక్ట్రాన్‌గా పనిచేసిన మధ్యాహ్నం

మా దీవుల్లో సముద్రపు పాయకి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌లో మా ఆవిడ సైన్సు టీచరు. ఇల్లేమో ఇవతల ప్రోతరాపూర్‌లో. రోజూ బస్సు, ఫెర్రీ, మళ్లీ ఫెర్రీ, మళ్లీ బస్సు. ఆ తిరుగుడు తిన్నగా పైకి తిరిగి ఉంటే ఈపాటికి చంద్రుడి మీద ఇల్లు కట్టేసేవాళ్లం. ఇంతలో మా ఇంటి పక్క స్కూల్లో ఖాళీ పడింది. స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ ముందు ఒక్క పాఠం బాగా చెబితే బదిలీ ఖాయమని ఆవిడ నమ్మకం.

పాఠం సోడియం పరమాణువు. పిల్లలే ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు. పదకొండు, పన్నెండు, పదకొండు, వెరసి ముప్పై నాలుగు. క్లాసులో ఉన్నది ముప్పై ముగ్గురు. ఆవిడ చూపు నా మీద పడింది.

"ఎలక్ట్రాన్ బరువు లెక్కలోకే రాదంటావు. నేను తొంభై రెండు కిలోలు!"

"బరువు వదలండి. పనీపాటా లేకుండా చుట్టూ తిరగడం మీకు కొత్తా?"

ఆఫీసుకి సెలవు పెట్టాను. కారణం 'ఎలక్ట్రాన్ డ్యూటీ' అని రాస్తే ఆవిడే కొట్టేసి కడుపునొప్పి అని రాసింది.

స్కూలు మైదానంలో సున్నంతో మూడు వలయాలు. నడుమ ప్రోటాన్లు, గుండెల మీద ప్లస్ అట్టలతో మంత్రుల్లా నిలబడ్డాయి. న్యూట్రాన్లకి ఖాళీ అట్టలు. మేమేం చెయ్యాలని ఒక న్యూట్రాన్ ఏడుపు మొహం పెట్టింది.

"మేడమ్, హమ్ క్యా కరేఁ?"

"నీకు ఛార్జ్ లేదమ్మా, కూర్చో."

మొదటి వలయంలో ఇద్దరు, రెండో దాంట్లో ఎనిమిది మంది, మూడో దాంట్లో మైనస్ అట్టతో నేనొక్కణ్ణే. పదకొండు ప్లస్సులూ పదకొండు మైనస్సులూ సరికి సరి, కనుక పరమాణువుకి ఛార్జ్ సున్నా అని చెప్పి పాఠం ముగించాలి. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో మర్యాదగా ఆవలిస్తున్నాడు.

అప్పుడు మైదానం పక్కనే ఉన్న జెట్టీలో ఫెర్రీ హారన్ మోగింది.

దీవుల్లో పుట్టినవాడి కాళ్లు హారన్ వింటే మెదడుని అడగవు. మా నాన్న తన పెళ్లిలోనే రెండో ముడికీ మూడో ముడికీ మధ్య లేచి పరిగెత్తాడంటారు. నాకు తెలివొచ్చేసరికి నేను ఫెర్రీలో ఉన్నాను, తాడు విప్పేశారు.

బల్ల మీద ఏడుగురు చేపలమ్మే ఆడవాళ్లు. "ఆవో భయ్యా, ఎనిమిదో మనిషికి చోటుంది!" బయటి వలయంలో ఏడుగురుండి ఎనిమిదోవాడి కోసం అల్లాడేది క్లోరిన్ అని మా ఆవిడ చెప్పగా విన్నాను. ఇరుక్కుని కూర్చున్నాను.

"గుండెల మీద ఆ గీతేంటి?"

"నేను ఎలక్ట్రాన్‌ని, దీదీ."

"అయితే ఇది పట్టుకో," అని పక్కనున్నామె ఉప్పుచేపల బుట్ట నా ఒళ్లో పెట్టింది.

అక్కడ స్కూల్లో ఏం జరిగిందో సాయంత్రం మా ఆవిడే చెప్పింది. ఇన్‌స్పెక్టర్ ఆవలింత ఆపి, "ఒక ఎలక్ట్రాన్ తగ్గిందే?" అన్నాడట. ఆవిడ తొణక్కుండా, "సోడియం బయటి ఎలక్ట్రాన్ ఇంతే సర్, ఇట్టే జారిపోతుంది. ఇప్పుడు ప్లస్సులు పదకొండు, మైనస్సులు పది. ఇది ప్లస్ ఒకటి ఛార్జ్ ఉన్న సోడియం అయాన్," అందట. ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. న్యూట్రాన్లు కూడా కొట్టాయి, పాపం, వాటికీ ఓ పని దొరికింది.

"మరింకేం, బదిలీ వచ్చినట్టే!" అన్నాను.

రిపోర్టు కాగితం నా ముందు పడేసింది. ఇంత గొప్ప టీచర్ని బాంబూఫ్లాట్ నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ కదిలించరాదని ఉంది.

"ఐదు నిమిషాలు అక్కడే తిరిగుంటే మామూలు పాఠం, మామూలు రిపోర్టు, ఇంటి పక్క స్కూలు," అంది.

అప్పట్నుంచీ ఆవిడ లంచ్ బాక్సు నేనే కట్టి, రోజూ జెట్టీ దాకా మోస్తున్నాను. హారన్ మోగితే కాళ్లు ఇప్పటికీ లేస్తాయి. బాక్సు అందుకునే ముందు ఆవిడ నా కాలరు పట్టుకుంటుంది.

"మీరు కాదు. ఎక్కాల్సింది నేను."