సముద్రానికి షిఫ్టులేసిన సారు

రెండు వస్తువులు పక్కపక్కన కనపడితే చాలు, నడుమ సుద్దముక్కతో గీత గీయకుండ యజ్ఞనారాయణ సారు ఉండలేడు. వస్తువులే కాదు, మనుషులైనా అంతే. గోదావరిఖనిల గనుల సర్వే పని చేసి చేసి ఆయన రిటైరైండు గని సుద్దముక్క రిటైర్ కాలే. అంగీ జేబుల అందరికీ పెన్ను ఉంటది, ఆయనకు సుద్ద ఉంటది. ఆ అంగీలు ఉతికిన నీళ్ళకు కాలనీ మోరీలన్నీ పాల లెక్క పారేటియని చెప్పుకుంటరు. అది కొంచెం ఎక్కువ చెప్పినట్టే. మజ్జిగ లెక్క పారేటియి, అంతే.

చౌరస్తాల మంచిర్యాల షేర్ ఆటో ఎక్కితే ముందుగాల సీటు మీద గీతలు పడాలె, తర్వాతనే సారు కూసునేది. డ్రైవర్ కొమురెల్లి మొదట్ల మొత్తుకున్నడు.

"సారూ, ఎనుక నలుగురు పట్టాలె. మీరు ముగ్గురికే గీసిండ్రు."

"నాలుగో మనిషి ఎవరయ్యా?"

"ఇంకా రాలే."

"ముందు వాడి నడుము కొలత తీసుకురా, గీస్తాను."

ఓసారి ఒకామె మేకపిల్లను పట్టుకొని ఎక్కితే దానికి సుత ఒక గీత పడ్డది. గోదావరి బ్రిడ్జి దాటి మంచిర్యాల పోయేదాక ఆ మేక గీత అవతల కాలు పెట్టలేదట. దిగేటప్పుడు తన జాగా ఇంకో మేకకు అప్పజెప్పి మరీ దిగిందని కొమురెల్లి ఒట్టేసి చెప్తడు. నమ్మనోళ్ళు ఆ మేకనే అడుగుండ్రి.

ఇంట్ల సంగతి ఇంకా అన్యాయం. సారు భార్య నాగేశ్వరమ్మ ఓ పొద్దున వంటింట్ల నిలబడి కేకేసింది.

"ఏవండీ, డబ్బాల మధ్య ఈ గీతేంటి?"

"కందిపప్పు హద్దు. పెసరపప్పు ఇటు రాకూడదు."

"పప్పులు కొట్టుకుంటున్నాయని మీకెవరు చెప్పారు?"

"కొట్టుకునేదాకా ఆగితే దాన్ని ప్లానింగ్ అనరు నాగేశ్వరీ, పంచాయితీ అంటారు."

ఆమె తడిగుడ్డ తెచ్చి తుడిచేది, ఈయన ఆరినంక మళ్ళ గీసేది. వాళ్ళ కాపురం సుఖంగనే నడిచింది. అరిగింది అలమారే.

ఇంతకూ ఈ రోగం ఖనిల అంటింది కాదు. సారు పుట్టింది కాకినాడ దిక్కు, సముద్రం ఒడ్డున. ఆ సంగతి చేపలు పట్టే పోశానికి తెలిసింది బొంద కాడ లొల్లి ముదిరినప్పుడు.

బొంద అంటే పాత ఓపెన్‌కాస్ట్ గని. బొగ్గు తీసుడు అయిపోయి, దానిల నీళ్ళు నిండినయి. అవతలి ఒడ్డున మనిషి నిలబడితే దోమ లెక్క కనపడేటోడు, దోమ నిలబడితే అసలే కనపడకపోయేది. అందుకే ఊరోళ్ళు దానికి సముద్రమని పేరు పెట్టిండ్రు. పేరు పెట్టుడే ఆలస్యం, సముద్రానికి ఉండే కష్టాలన్నీ దానికి వచ్చి పడ్డయి. చేపల సంఘం వలలేసింది. జగదీశ్వర్ అనే కాంట్రాక్టర్ బాతు బొమ్మల బోట్లు దింపిండు. ఎక్కడిదో ఒక కంపెనీ నీళ్ళ మీద సోలార్ పలకలు పరుస్తనని వచ్చింది. బిక్షం బర్రెలు ఎవ్వర్నీ అడగకుండనే దిగినయి.

పోశం ఒకప్పుడు గనిల కాంట్రాక్ట్ కార్మికుడు, ఇప్పుడు సంఘంల చేపలు పట్టేటోడు. ఒకనాడు వల గుంజితే బరువుకు చేతులు తెగుతున్నయి. జన్మల పడని బొచ్చె చేప పడ్డదని సంబురపడి నలుగుర్ని పిలిచి ఒడ్డుకు గుంజిండు. వచ్చింది జగదీశ్వర్ బాతు. దాంట్ల కొత్తగ పెండ్లైన జంట చేతులు పట్టుకొని కూసున్నది.

"అన్నా, అప్పుడే టైం అయిపోయిందా?" అన్నడు పిల్లగాడు.

ఆ మాట మీద మొదలైన కొట్లాట పెద్దపల్లి ఆఫీసు దాక పోయింది. అందరు కూసొని నీళ్ళు పంచుకుంటరా, లేకుంటే ఎవ్వరు దిగకుండ కంచె వేయమంటరా అని జిల్లా ఆఫీసర్ వేణుమాధవ్ సారు ఆఖరి మాట చెప్పిండు. పంచుడు అనంగనే అందరికీ ఒక్క మనిషే యాదికొచ్చిండు. తోలుకొచ్చే పని పోశం మీద పడ్డది.

పోశం బండి మీద ఎనుక కూసొని సారు దారి పొడుగునా చెప్పుకుంట వచ్చిండు.

"మా వైపు పెద్ద ఓడలు, గ్యాసు పైపులు, మరబోట్లు, చిన్న నావలు. అందరికీ ఒకే చోటు కావాలి, అదీ ఒకే పొద్దున కావాలి. ఇప్పుడు దేశదేశాల వాళ్ళు సముద్రం మీద కూడా పటాలు గీసుకుంటున్నారయ్యా. ఇక్కడ ఓడలు, ఇక్కడ గాలిమరలు, ఇక్కడ చేపలు గుడ్లు పెట్టే చోటు అని."

"చేపలకు ఆ పటం సమజైతదా సారూ?"

"చేపలకు అవుతుంది. మనుషులతోనే చిక్కు."

ఇదే అదును అనుకొని పోశం అసలు ముచ్చట కదిపిండు. సచ్చిపోయిన అన్న భార్య, వదినె సారలమ్మ, బొందకు తూర్పు మూలన మోకాళ్ళ లోతు నీళ్ళల్ల గంప ముంచి చిన్న పరక చేపలు పట్టుకుంటది. అవి అమ్ముకుంటనే ఆమె పొయ్యి మండేది. ఆమె సంఘంల లేదు. మీటింగుకు ఆమెను పిలిచేటోడు లేడు. ఆ మూలనే జగదీశ్వర్‌కు బోట్లెక్కే గద్దె కట్టాలని ఉన్నది.

"జర ఆ మూల చూడుండ్రి సారూ."

"పిలిచిన వాళ్ళకే భాగం. రూలు అంటే రూలు."

"ఆమె ఎట్ల బతకాలె మరి?"

"స్పీడ్ బ్రేకర్ ఉంది, ముందు చూసి నడుపు."

గుండె ఉండాల్సిన జాగల ఈ మనిషికి సుద్దగడ్డ ఉన్నదని పోశం అనుకున్నడు. స్పీడ్ బ్రేకర్ కాడ కావాలనే ఆపలేదు.

అది రామగుండం ఎండాకాలం. గొడుగు నీడ సుత ఇంకో గొడుగు వెతుక్కునే కాలం. సారు కాలనీ గ్రౌండుల సున్నం పోసి బొంద మొత్తాన్ని గీసిండు. గీసి ఊకున్నడా, అందర్నీ అండ్ల నిలబెట్టిండు.

"పోశం, నువ్వు చేపవి. ఇక్కడ నిలబడు. జగదీశ్వర్, నువ్వు బోటువి, చుట్టూ తిరుగుతుండు."

"బాతు లెక్క నడవాల్నా సార్?"

"నీ ఇష్టం. బిక్షం, నువ్వు బర్రెవి."

"మా ఇంటిది రోజు అదే అంటది సారూ. కొత్తగ చెప్పవడ్తిరి."

సోలార్ కంపెనీ మనిషి ఆనాడు రాలే. ఆ జాగా ఖాళీగ ఉండొద్దని సారు వేణుమాధవ్ సారును తీసుకపోయి నిలబెట్టిండు.

"మీరు సోలార్ పలక. కదలకూడదు. మొహం ఎండకేసి ఉంచండి."

ఆఫీసర్ నవ్వుకుంట నిలబడ్డడు. ఆ నవ్వు పొద్దున పది కొట్టేదాక ఉన్నది.

ఇగ షిఫ్టులు. గనిల పుట్టి పెరిగిన ఊరికి ఇంకో తీరు చెప్తే ఎక్కదని సారుకు తెలుసు. ఫస్ట్ షిఫ్టు వలలకు. జనరల్ షిఫ్టు బోట్లకు. సెకండ్ షిఫ్టు బర్రెలకు. పలకలకు పగలంతా డ్యూటీ, సెలవు లేదు.

"బర్రెలకు నైట్ షిఫ్టు మాత్రం వెయ్యకుండ్రి సారూ, పాలియ్యయి," అన్నడు బిక్షం.

తర్వాత బారియర్ మాట వచ్చింది. గనుల కాడ రెండు గనుల నడుమ బొగ్గు గోడ వదిలేస్తరు. ఎంత మేలిమి బొగ్గైనా ఎవ్వరు ముట్టరు. ముడితే ఒక గని నీళ్ళు ఇంకో గనిల పడి మనుషులు పోతరు. నీళ్ళల్ల సుత ఒక్కొక్కరి నడుమ అట్లనే ఒక పట్టీ వదలాలని సారు అంటే అన్ని తలలు ఒక్కసారే ఊగినయి. అందరు అసొంటి గోడ పక్కన పని చేసినోళ్ళే.

సారు ఆఖరి బారియర్ గీసుకుంట తూర్పు దిక్కు పోయిండు. రెండు గీతలు చక్కగ పోయి పోయి, మూల కాడికి వచ్చేసరికి ఒకటి ఇటు తిరిగింది, ఒకటి అటు ఉబ్బింది.

జగదీశ్వర్ బాతు నడక ఆపిండు.

"సార్, గీత వంకర పోయింది. మూలంతా బారియర్ల పడ్డది."

ఒక ఇటుక పక్కకు జరిగిందని కాలనీ గోడనే కూలగొట్టించిన మనిషి గీత వంకర పోవుడేంది?

సారు వంగి చూసిండు.

"నిజమే. చెయ్యి వణికింది. వయసైపోయింది కదయ్యా."

"సరిదిద్దుండ్రి మరి."

"దిద్దుదాం. దానికేముంది, మొదటి నుంచి కొలవాలి. అందరూ మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు నిలబడండి. పలక గారూ, మొహం కాస్త పైకి."

పలక గారి మొహం అప్పటికే కాలిన కుండ రంగుకొచ్చింది. సుర్రుమనే ఎండను ఒకసారి, గీతను ఒకసారి చూసి, ఆయన జేబుల నుంచి పెన్ను తీసిండు.

"వంకరనో సొంకరనో, నాకు సమ్మతమే. ఇదే ఫైనల్. నీళ్ళియ్యుండ్రి ఎవరన్న."

పంపకం కాగితం మీద సంతకాలయినయి. జగదీశ్వర్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, ఆ మూలల సారలమ్మ గంప ముంచుతది. ఆమెను కూడ రానియ్యొద్దు గద?"

"కాగితంలో ఏముందో చదువు."

"బారియర్ల సంఘం వల వెయ్యొద్దు, బోటు తిరుగొద్దు, పలక పరవొద్దు, బర్రె దిగొద్దు."

"సారలమ్మ అని ఉందా?"

"లేదు."

"లేని పేరును నేనెట్లా ఆపుతానయ్యా? రూలు అంటే రూలు."

పోశం తన జాగల నిలబడి చేప లెక్కనే నోరు తెరిచిండు.

జనం పోయినంక సారును చౌరస్తాల టీ కొట్టుకు తోలుకపోయిండు పోశం. సారు తన గ్లాసు ఎత్తి, మూరెడు మీది నుంచి సాసర్‌లకు టీ పోసి చల్లార్చిండు. దారం తీసినట్టు సన్నటి ధార. ఒక్క చుక్క పక్కకు పోలే.

"చెయ్యి వణుకుతలేదేంది సారూ?"

సారు సాసర్ అందుకొని రెండు గుటకలు తాగిండు.

"టీ వేరు, గీత వేరు. నువ్వు నోర్మూసుకుని తాగు."