కాస్టెల్లోరిజో గుహలో మామగారూ నేనూ

మా పెళ్లయి పదకొండేళ్లయినా, మా మామగారికీ నాకూ మధ్య జరిగిన సంభాషణంతా కలిపి రాస్తే ఒక పేజీ నిండదు. "ప్రయాణం బాగా జరిగిందా అల్లుడుగారూ?" "జరిగిందండీ." అక్కడితో ఆ ఏడాదికి సరి. ఆయన తెనాలిలో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సిడ్నీలో మా పెండిల్ హిల్ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన హాల్లో కూర్చుంటే నేను గరాజ్‌లో ఏదో పని కల్పించుకునేవాణ్ణి. నేను హాల్లోకి వస్తే ఆయన కరివేపాకు మొక్కకి నీళ్లు పోసొస్తానని లేచేవారు. పాపం, ఆ మొక్క నీళ్లెక్కువై చచ్చిపోయింది. ఈ మర్యాదలు చూసి విసిగిపోయిన మా ఆవిడ శైలజ, "ఓడలో అయితే ఇద్దరూ ఎక్కడికి పారిపోతారో చూస్తాను" అని గ్రీకు దీవుల క్రూజ్‌కి టికెట్లు కొనేసింది. నీళ్లంటే భయపడే మా అత్తయ్యగారు పిల్లల్ని చూసుకుంటూ సిడ్నీలోనే ఉండిపోయారు.

సిడ్నీ నుంచి దోహా మీదుగా ఏథెన్స్, అక్కణ్ణుంచి గంట సేపు విమానంలో రోడ్స్, ఓడ ఎక్కింది అక్కడ. పెద్ద ఓడ కాదు, చిన్న రేవుల్లో కూడా ఆగే రకం. కాస్టెల్లోరిజో చేరిన పొద్దున మేం ముగ్గురం కలిసి దిగాలి. కానీ ముందు రాత్రి బఫేలో శైలజ తిన్న ఆక్టోపస్ ఎనిమిది కాళ్లతోనూ తిరగబడింది. "నేను పడుకుంటాను, మీరిద్దరూ వెళ్లి రండి" అంది. మొహం పాలిపోయి ఉన్నా పెదవుల మీద చిన్న నవ్వుంది. ఆ ఆక్టోపస్ మీద నాకిప్పటికీ అనుమానమే.

ఓడ రేవు బయటే లంగరేస్తుంది. ఓడవాళ్ల చిన్న బోట్లు మనల్ని ఒడ్డుకి దింపుతాయి, తిరుగు బోట్లలో ఆఖరిది నాలుగింటికి. ఊరంటే గుర్రపు నాడా ఆకారంలో ఉన్న రేవు, దాని చుట్టూ పసుపూ గులాబీ రంగుల ఇళ్లు, అంతే. ఎదురుగా కనిపించే కొండలు టర్కీవి. అర్ధగంటలో ఊరంతా తిరిగేయొచ్చు. మేం గంటన్నర తిరిగాం. మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఆయన ప్రతి కిటికీకీ ఫోటో తీశారు, నేను ప్రతి పిల్లికీ తీశాను.

రేవు గట్టు మీద ఎర్ర టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన "నీలి గుహకి వస్తారా, మైట్?" అని పిలిచాడు. ఆ ఆస్ట్రేలియా యాస "మైట్" వినగానే ఇద్దరం ఆగిపోయాం. పేరు మైకేలిస్, అందరూ పిలిచేది మిక్ అని. సిడ్నీలో కింగ్స్‌ఫోర్డ్‌లో ముప్ఫయ్యేళ్లు చేపల వేపుడు దుకాణం నడిపి, సొంతూరికి తిరిగొచ్చేశాడట. ఈ దీవిలో సగం మందికి ఆస్ట్రేలియాలో చుట్టాలున్నారని చెప్పాడు.

"మీరు సిడ్నీలో ఎక్కడ?"

"పెండిల్ హిల్."

"అమ్మో, అంత దూరమా!" అన్నాడు, పధ్నాలుగు వేల కిలోమీటర్ల అవతల నిలబడి.

మనిషికి పదిహేను యూరోలు, గంటన్నరలో వెనక్కి తెచ్చేస్తానన్నాడు. అప్పుడే వెళ్లి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ మామగారికి పన్నెండింటికి భోజనం పడాలి. "గాలి లేస్తుందేమో, తినేసి తొందరగా రండి" అన్నాడు మిక్.

ఇక్కడి హోటళ్లలో బల్లలు సరిగ్గా నీళ్ల అంచునే వేస్తారు, కుర్చీ ఒక్క అడుగు వెనక్కి జరిపితే సముద్రంలో ఉంటాం. వంటావిడ, పేరు ఐరీని, స్వయంగా వచ్చి, మామగారి కోసం మాంసం లేని వంటకాలేవో చెప్పింది. టమాటాల్లో అన్నం కూరి వండింది తెప్పించుకున్నాం. "గుత్తి టమాటా" అన్నారు మామగారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఆయన కుర్చీ పక్కనే నీళ్లలోంచి ఓ తాబేలు తల పైకొచ్చింది. చిన్న తాబేలు కాదు, గంగాళమంత. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదకి లాగేసుకున్నారు. తరవాత తేరుకుని కూర్మావతారానికి కూర్చునే దణ్ణం పెట్టారు. తిండి కోసం రోజూ వచ్చే తాబేలే అని ఐరీని నవ్వింది.

మేం బోటెక్కేసరికి రెండు దాటింది. మాతోపాటు ఒక డచ్ జంట. ఇరవై నిమిషాల్లో గుహ దగ్గరికి వెళ్లాం. బయటినుంచి చూస్తే గుహ లేదు, కొండ అడుగున మోకాలెత్తు చీలిక. "అందరూ పడుకోండి!" అని అరిచాడు మిక్. డచ్ దంపతులు చటుక్కున పడుకున్నారు. మేమిద్దరం నిలబడి ఒకరినొకరు చూసుకున్నాం.

"మీరు కానివ్వండి."

"ముందు మీరండీ."

సన్నటి బోటు. ఆయన తలున్న వైపే నా కాళ్లు రావాలి. పిల్లనిచ్చిన మామ తలకి కాళ్లు తగిలించడం మా ఇంటా వంటా లేదు కాబట్టి, మోకాళ్లు పైకి ముడుచుకుని పడుకున్నాను. "మోకాళ్లు, మైట్! మోకాళ్లు తెగిపోతాయి!" అని మిక్ కేక పెట్టాడు. "చాపండి అల్లుడుగారూ, ఫరవాలేదు" అన్నారు మామగారు. కళ్లు మూసుకుని చాపాను. నా చెప్పు ఆయన చెవిని రాసుకుంటూ పోయింది. ముక్కుకి జానెడు పైన రాయి జరిగిపోయింది.

లేచి కూర్చున్నాం. నీళ్ల అడుగునుంచి ఎవరో దీపం వెలిగించినట్టు గుహంతా నీలం. మామగారి తెల్ల చొక్కా నీలం, నా చేతులు నీలం. అయిదు నిమిషాలు అలాగే చూస్తూ ఉండిపోయాం. అంతలో గాలి లేచింది. ప్రతి అలకీ గుహ నోరు పూర్తిగా నీళ్లతో మూసుకుపోతోంది. "నో వర్రీస్, సందు దొరకగానే పోదాం" అన్నాడు మిక్. కానీ నవ్వలేదు. ముప్పావుగంట గడిచింది. డచ్ ఆవిడ మొగుడి భుజం పట్టుకుంది. నా చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే మామగారు.

"నాకు ఈత రాదు అల్లుడుగారూ."

"నాకూ రాదండీ."

"అదేమిటి! ఆస్ట్రేలియాలో పసిపిల్లలకి కూడా వచ్చంటారే?"

"మా పిల్లలకి వచ్చండీ."

ఆయన గొంతు సవరించుకుని, చెయ్యి వదలకుండానే, ఉన్నట్టుండి పద్యం అందుకున్నారు. తెనాలి నాటకాల పద్యం, చివర్లో సాగదీసే రాగంతో సహా. ఉద్యోగం రాకముందు ఆయన కిరీటం పెట్టుకుని ఊరూరా వేషం కట్టేవారని అప్పటిదాకా నాకు తెలీదు, శైలజ కూడా ఎప్పుడూ చెప్పలేదు. గుహ ఆ రాగాన్ని పట్టుకుని నాలుగింతలు చేసి తిరిగిచ్చింది. నేను భయం సంగతే మరిచిపోయాను. పద్యం ఆగగానే మిక్ చప్పట్లు కొట్టి, "వన్స్ మోర్, మైట్!" అని అరిచాడు.

మామగారు నా వైపు తిరిగారు. "ఏమన్నాడూ?"

"వన్స్ మోర్ అన్నాడండీ."

నాటకం వేసినవాడికి ఆ మాట ఎంతో తెలుగు చదువరులకి నేను చెప్పక్కర్లేదు. ఆయన కళ్లు నిండాయి. చొక్కా సర్దుకుని, ఈసారి ఎత్తుగడే పై స్థాయిలో మొదలెట్టారు. రాగం మధ్యలో ఉండగా మిక్ "ఇప్పుడే! పడుకోండి!" అని కేకేశాడు. ఆయన రాగం ఆపలేదు. అలాగే పాడుతూ వెల్లకిలా పడుకున్నారు. బోటు సందులోంచి దూసుకుపోతుంటే ఓ అల మా మీద విరుచుకుపడింది. ఉప్పునీళ్లు మింగి, దగ్గి, వెలుతురులోకొచ్చాక మిగిలిన రాగం పూర్తిచేశారు.

రేవు చేరేసరికి ఓడవాళ్ల ఆఖరి బోటు తాడు విప్పేస్తున్నారు. మిక్ హారన్ కొడుతూ, ఇక్కడ రాయకూడని సిడ్నీ మాటలు నాలుగు అరిచి, మా బోటుని దాని పక్కకి ఆనించాడు. నావికుడు మామగారిని రెండు చేతులా పట్టి లాక్కున్నాడు. "మళ్లీ రా, సింగర్!" అని మిక్ టోపీ ఊపాడు.

ఓడ మీద రెయిలింగ్ పట్టుకుని శైలజ నిలబడి ఉంది, తడిసి ముద్దయిన మమ్మల్ని చూసి కంగారుపడింది. "ఇంతసేపూ ఏం చేశారు నాన్నా?"

"మాట్లాడుకున్నాం" అన్నారు మామగారు.

కొత్త చోటుకి వెళ్తే కొత్త మనుషులు పరిచయమవుతారంటారు. నాకు మాత్రం పదకొండేళ్లుగా తెలిసిన మనిషే పరిచయమయ్యారు. ఆ సాయంత్రం డెక్ మీద కాఫీ తాగుతూ, తన పెళ్లి కుదిరినప్పుడు వాళ్ల మామగారు నాటకాలు మానేస్తేనే పిల్లనిస్తానన్నారనీ, మానేశాననీ చెప్పారు. "ఏమీ బాధ లేదు" అని, ఖాళీ కప్పు కింద పెట్టి, "కొంచెం ఉందిలెండి" అన్నారు. ఇంకో కాఫీ తెచ్చిచ్చాను. ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం, ఎవరూ లేచి వెళ్లలేదు.

కాస్టెల్లోరిజో వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: దిగీదిగగానే నీలి గుహకి వెళ్లండి. వెలుతురు పొద్దున్నే బావుంటుంది, సముద్రం కూడా అప్పుడే నెమ్మదిగా ఉంటుంది. భోజనం మనకోసం ఆగుతుంది, గాలి ఆగదు.