కండక్టరు గారి టమాటా చెట్టు

కండక్టరుకి మనుషుల మీద పెద్దగా గౌరవం ఉండేది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ జనాన్ని బస్సులో కుక్కుతూ, దింపుతూ, వాళ్ళ అసలు రంగు దగ్గరగా చూసినవాడు. చేతిలో నోటు పెట్టుకుని చిల్లర లేదని బుకాయించే పెద్దమనిషిని, టిక్కెట్టు అడిగే సరికి నిద్ర నటించే కుర్రకారును ఒక్క చూపుతో తూచేసేవాడు. అందరికన్నా అతనికి ఒళ్ళు మండేది పక్క సీటు మీద సంచీ పెట్టుకుని, "ఎవరో వస్తున్నారండీ" అని అబద్ధమాడేవాళ్ళను చూస్తే. ఆ సంచీని రెండు వేళ్ళతో ఎత్తి, పురుగును తీసినట్టు వాళ్ళ ఒళ్ళో పడేసేవాడు. రిటైరయ్యాక అతని కిడ్నీలు పోయాయి గానీ ఆ చూపు మాత్రం పోలేదు.

రోజు విడిచి రోజు పొద్దున్నే డయాలసిస్ సెంటరుకి వచ్చేవాడు. పొడవాటి గది, రెండు వరసల మంచాలు, ఒక్కో మంచం పక్కన ఒక మిషను. చేతికి రెండు సూదులు గుచ్చితే ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తుంది. నాలుగు గంటలు కదలడానికి లేదు. అంతసేపు చేసే పనేమీ లేక అతను అందరినీ చీదరించుకుంటూ కూర్చునేవాడు. ఎదురు మంచం ఆయన ఇంటి నుంచి పూల గలీబు వేసిన తలగడ తెచ్చుకుంటాడు, మహారాజు. ఆ చివరాయన తనకి తగ్గిపోతోందని వచ్చినప్పుడల్లా చెబుతాడు, విన్నవాళ్ళకి చెవుల్లో పువ్వులున్నట్టు. టెక్నీషియను సూది గుచ్చుతూ ఈల వేస్తాడు.

అతని నోటికి బదులు చెప్పే మనిషి ఆ గదిలో ఒక్కతే ఉండేది. ఎడమ పక్క మంచం టైలరమ్మ.

"ఏమ్మా, పొద్దున్నే ఆ మొహం ఏంటి? గుడ్డ తప్పు కత్తిరించినట్టు."

"మీ మొహం చూశాక ఏ మొహమైనా ఇలాగే అవుతుంది కండక్టరు గారూ."

ఆవిడకి కుట్టడమే బతుకుగా ఉండేది. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతికి ఆపరేషను చేసి, ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. పైగా ఒంట్లో ఓపిక పోయింది. కుట్టుమిషను ఎవరికో ఇచ్చేసి చెల్లెలి ఇంట్లో ఓ గదిలో సర్దుకుంది. చెల్లెలు పని మానుకుని ఆవిడని తీసుకొచ్చి, బయట బల్ల మీద కూర్చుని, మళ్ళీ తీసుకెళ్ళేది. చెల్లెలు ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే టైలరమ్మకి భరించలేనిదిగా ఉండేది.

ఇలా ఉండగా ఆసుపత్రి వాళ్ళు రోగులకి ధైర్యం చెప్పడానికి ఒక కౌన్సెలింగ్ అమ్మాయిని పంపారు. ఆ పిల్ల నవ్వు మొహంతో వచ్చి, మనమంతా ఒక కుటుంబం అంది. కష్టకాలంలో ఒకరికొకరు తోడుండాలి, పాజిటివ్‌గా ఉండాలి, నెగెటివ్ మాట ఈ గదిలో వినపడకూడదు అంది. వెనక పెరట్లో విరిగిన మంచాలు, తుప్పు పట్టిన స్టాండ్లు పడి ఉండే చోటు శుభ్రం చేయించింది. మిషన్లలో పోసే మందునీళ్ళ తెల్లటి క్యాన్లు ఖాళీవి దొరికితే సగానికి కోయించి, మట్టి నింపించి, ఒక్కో దాని మీద ఒక్కో మంచం నంబరు అంటించింది. వాటిలో నాటడానికి ఎక్కడి నుంచో నారు తెచ్చింది. టమాటా నారు.

కిడ్నీలు పోయినవాళ్ళు టమాటా ముట్టుకోకూడదు. డాక్టరు మొదటి రోజే చెప్పే మాట అది. రక్తంలో పొటాషియం పెరిగిందంటే గుండె ఆగిపోతుంది. ఆ గదిలో ప్రతివాడికీ అది కంఠతా వచ్చు. టెక్నీషియనుకి తెలుసు, నర్సుకి తెలుసు, నేల తుడిచే ఆవిడకి తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పలేదు. నెగెటివ్ మాట వద్దన్నారు కదా. తలగడ మహారాజయితే చప్పట్లు కూడా కొట్టాడు. ఇంతమంది కలిసి ఇంత శ్రద్ధగా ఒక మూర్ఖత్వానికి నీళ్ళు పోయడం కండక్టరు ఎన్నడూ చూడలేదు. అతనూ నోరు మూసుకున్నాడు. కాయనీ, చూద్దాం అనుకున్నాడు. మనిషి తెలివితక్కువతనం కాయ కాసి పండితే ఎలా ఉంటుందో చూడాలని అతనికి సరదాగా ఉంది.

మిషన్లు సిద్ధమయ్యేలోగా అందరూ పెరట్లో నిలబడి, నీళ్ళు పోస్తూ తలా ఒక మంచి మాట చెప్పాలి. వీళ్ళు తాగే నీళ్ళకి డాక్టరు గీత గీశాడు. గొంతు తడారిపోయినా గుక్కల్లో చూసుకోవాలి. అలాంటి వాళ్ళ చేత మొక్కకి చెంబుడు నీళ్ళు కుమ్మరింపించి, పాజిటివ్‌గా ఉండమనడం ఆ పిల్లకే చెల్లింది. తన వంతు వచ్చినప్పుడు కండక్టరు, "ఇవాళ బస్సు గంట ఆలస్యం. రెండు గంటలు కాలేదు, అదే మంచి మాట," అన్నాడు. అమ్మాయి దానికీ నవ్వి, "సూపర్ అంకుల్," అంది.

కొన్నాళ్ళకి అతని కుడి పక్క మంచం ఖాళీ అయింది. ఆ మంచం మనిషి తాళాలు బాగుచేసేవాడు, మితభాషి. రెండు సార్లు రాలేదు. మూడోసారి ఆ మంచం మీద ఎవరో కొత్తాయన పడుకుని ఉన్నాడు. పెరట్లో ఆ నంబరు క్యాను కూడా కొత్తాయన చేతికే వచ్చింది. మొక్క అప్పుడే పూత మీదుంది.

"ఆ తాళాలాయన ఏమయ్యాడు?" అని కండక్టరు అందరి ముందూ అడిగాడు.

అమ్మాయి మొహంలో నవ్వు చెదరకుండా, "అంకుల్, మనం మంచి విషయాలు మాట్లాడుకుందాం," అంది.

తలలన్నీ కుండీల మీదికి వంగాయి. ఒక మనిషి ఉన్నాడో పోయాడో చెప్పడానికి కూడా పనికిరాని కుటుంబం ఇది అనుకున్నాడు కండక్టరు. అప్పుడు టైలరమ్మ చెంబు కింద పెట్టి, "పోయాడండీ. మొన్న పొద్దున," అని మామూలుగా చెప్పింది. ఆ రోజు నుంచి అతను ఆవిడని కాస్త తక్కువగా చీదరించుకోవడం మొదలుపెట్టాడు.

టమాటాలు పండాయి. గుండ్రంగా, నొక్కులు నొక్కులుగా, ఎర్రగా పండాయి. అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది. అందరూ తలా ఒక పండు కోసి, ఒక్కసారి కొరకండి, ఫోటో తీస్తాను అంది. జనం పళ్ళు కోశారు. నోటి దాకా తెచ్చారు. నోళ్ళు తెరిచారు. అక్కడ ఆగిపోయారు. ఒక్కడూ కొరకడు, ఒక్కడూ ఎందుకు కొరకడో చెప్పడు. దంతవైద్యుడి ముందు నిలబెట్టిన వరసలా ఉన్నారు. తలగడ మహారాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కెమెరా క్లిక్కుమంది.

"అమ్మాయ్," అన్నాడు కండక్టరు, "మేమివి తింటే నీ క్యానులన్నిటికీ కొత్త మనుషుల్ని వెతుక్కోవాల్సి వస్తుంది. డాక్టర్ని అడిగి రా."

అమ్మాయి లోపలికి వెళ్ళి, మొహం పాలిపోయి తిరిగొచ్చింది. ఎవరూ ఆ పిల్ల వైపు చూడలేదు. చేతుల్లో పళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు. టైలరమ్మ తన సంచీ నోరు తెరిచి పట్టుకుని, "ఇందులో వెయ్యండి. మా చెల్లెలి పిల్లలు తింటారు," అంది.

తర్వాతిసారి వచ్చినప్పుడు ఆవిడ మొహంలో ఏదో తేడా కనిపించింది. సూది గుచ్చించుకుంటూ తనే చెప్పింది. "గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలిద్దరూ సంచీ లాక్కున్నారండీ. నేను ఆ ఇంటికి ఏదైనా పట్టుకెళ్ళి ఎన్నాళ్ళయిందో."

"రెండు టమాటాలకే ఇంత మిడిసిపాటు అయితే గుమ్మడికాయ కాస్తే పట్టలేం," అన్నాడు కండక్టరు.

కౌన్సెలింగ్ అమ్మాయి ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయిందన్నారు. నోళ్ళు తెరుచుకున్న ఆ ఫోటో మాత్రం పెద్దది చేసి సెంటరు గోడకి తగిలించారు. అమ్మాయి వెళ్ళగానే కుటుంబమూ చేతులు దులుపుకుంది. క్యానులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. అన్నిటికన్నా ముందు ఎండింది కండక్టరుది. టైలరమ్మ ఒక్కతే చిన్న చెంబుతో, కుడి చేత్తో, తన మొక్కకీ బతికున్న ఇంకో రెండు మూడింటికీ నీళ్ళు పోస్తూ, దొరికిన నాలుగు కాయలు ఇంటికి పట్టుకెళ్ళేది.

ఎండలు ముదిరాయి. ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. ఒక రోజు ఆవిడ నాలుగు గంటలూ మాట్లాడకుండా పడుకుంది. చివర్లో గొట్టాలు తీస్తుండగా, "ఈ కాపు అయిపోతే నేనూ మానేస్తానండీ. మా చెల్లెలు ఎన్నాళ్ళని తిప్పుతుంది," అంది.

డయాలసిస్ మానేయడమంటే ఏమిటో ఆ గదిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కండక్టరు నోటికొచ్చిన వెటకారమంతా ఆడాడు. నీకు తిక్క అన్నాడు. బద్ధకం అన్నాడు. తలగడ మహారాజే నీకన్నా నయం అన్నాడు. ఆవిడ ఒక్కదానికీ బదులు చెప్పలేదు. అప్పుడు అతనికి భయం వేసింది. డాక్టరు తన రిపోర్టు చూసి పెదవి విరిచినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

మర్నాడు అతను పొద్దున్నే చేతి సంచీ అడిగితే భార్య ఎగాదిగా చూసింది. పెళ్ళయినప్పటి నుంచి కూరగాయల మార్కెట్టు గడప తొక్కని మనిషి.

"టమాటాలా? మీరు తినకూడదుగా."

"నాక్కాదు."

"మరెవరికి?"

"తినేవాళ్ళకి. సంచీ ఇస్తావా, ఇంటర్వ్యూ చేస్తావా?"

ఆ పై రోజు టైలరమ్మ మంచం మీద సంచీ పెట్టి, "నా చెట్టు కాసింది. ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, పట్టుకెళ్ళు," అన్నాడు. ఆవిడ సంచీలోకి చూసింది. అతని మొహం చూసింది. సంచీ తీసుకుంది. తర్వాత వచ్చినప్పుడూ తెచ్చాడు, ఆ తర్వాతా తెచ్చాడు. పెరట్లో అతని నంబరు క్యానులో ఒక ఎండు పుల్ల నిలబడి ఉంది. దాన్ని తీసి పారేద్దామన్న తెలివి కూడా అతనికి లేకపోయింది. జీవితమంతా ఇతరుల అబద్ధాలు పట్టుకున్నవాడు కావడంతో, సొంతానికి ఒకటి ఆడేసరికి చిన్నపిల్లాడికన్నా కనాకష్టంగా ఆడాడు.

అలా నడుస్తుండగా ఒక ఉదయం ఆవిడ మంచం ఖాళీగా కనిపించింది.

అందరికీ సూదులు గుచ్చడం అయిపోతోంది. బయట అర్జెంటు కేసు ఒకటి వచ్చి కూర్చుంది. టెక్నీషియను ఈల వేసుకుంటూ వచ్చి, ఆవిడ రాలేదుగా, ఈ మంచం వాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. కండక్టరు లేచి, తన చేతిలో సంచీని ఆ మంచం మధ్యలో పెట్టాడు.

"ఇవ్వకు. వస్తున్నారు."

"ఫోన్ చేశారా అంకుల్?"

"చేశాను. వీధి మలుపులో ఉన్నారు."

అతని దగ్గర ఆవిడ ఫోను నంబరు కూడా లేదు. టెక్నీషియను సంచీ వైపు చూశాడు, అతని వైపు చూశాడు. అర్జెంటు కేసుకి ఇంకో గదిలో చోటు చూస్తానని వెళ్ళాడు. కండక్టరు సంచీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తను ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు. ఇలాంటి మనుషులు ఎంతమంది పరువు నడి బస్సులో నలుగురి ముందు తీశాడో కూడా తెలుసు. అయినా చెయ్యి తీయలేదు. తన మిషను దగ్గరికి రమ్మని నర్సు రెండు సార్లు పిలిచినా వెళ్ళలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చెల్లెలి భుజం పట్టుకుని టైలరమ్మ వచ్చింది. మొహం వాచి ఉంది, ఆయాసపడుతోంది. మంచం మీద సంచీని చూసింది. మంచం అంచున కూర్చుని దాని నోరు విప్పింది. ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పింది. కోడిగుడ్డులా పొడుగ్గా, నున్నగా ఉంది.

"కండక్టరు గారూ, మనందరికీ ఇచ్చింది ఒకే నారు. నా చెట్టుకి గుండ్రంగా కాశాయి, అందరికీ గుండ్రంగానే కాశాయి. మీ చెట్టు ఒక్కటే సంచీలో కాస్తోందా?"

కండక్టరు చూపు దించుకున్నాడు. అలా జరగడం ఆ గదిలో అదే మొదలు.

"ఇవాళ రాకూడదనే అనుకున్నాను," అందావిడ. "మీరు ఇవి మోసుకొస్తారని గుర్తొచ్చింది. తింటే పోతారు. పారేయడానికి పిసినారితనం ఒప్పదు. ఈ ఎండలో సంచీ పట్టుకుని మళ్ళీ బస్సెక్కుతారు. ఎందుకొచ్చిన గొడవ అని లేచి వచ్చాను."

"నా మీద అంత జాలి పడక్కర్లేదు," అన్నాడతను.

"జాలా? మీ మీదా?" ఆవిడ పెదవి విరిచి, కాయని సంచీలో పడేసి పడుకుంది. టెక్నీషియను వచ్చి చేతికి పట్టీ కట్టాడు. సూది దిగుతుంటే ఆవిడ మొహం తిప్పుకుని కండక్టరు వైపు చూసింది.

"టమాటాలతో మా ఇంట్లో మొహం మొత్తింది. ఎల్లుండి మీ చెట్టుకి బెండకాయలు కాయించండి. లేతవి చూసి కోయండి."