ఎడమవైపు మంచులైటు

మా కారు మంచులైటు పగిలిందన్న కబురు నాకు మొదట తెచ్చింది లసుమక్క. మా వాడకు పాలు పోసే మనిషి. ఖాళీ క్యాను చేతిలో ఊగుతుండగానే పరుగున వచ్చింది.

"ఓ అక్కా! గా హోంగార్డు ఓదెలు కట్టెతోని కొట్టి మీ కారు లైటు పలగ్గొట్టిండట! నడిరోడ్డు మీద! మందంత చూసిండ్రట!"

"అయ్యో" అన్నాను. నోటి మీద చెయ్యి కూడా పెట్టుకున్నాను. ఆ లైటు పగలగొట్టింది నేను. అప్పటికి రెండు గంటలు కూడా కాలేదు.

ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. రోజూ దీపం పెట్టే దేవుడికి కూడా సగమే చెప్పాను. పెద్ద బరువేమీ కాదు, గాజుపెంకంత. కానీ గాజుపెంకును కొంగున ముడి వేసుకుని ఏళ్ల తరబడి తిరిగితే ఎలా ఉంటుంది? పని చేసుకుంటాం, నవ్వుతాం, ఎప్పుడో వంగినప్పుడు గుచ్చుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

నేను సిరిసిల్ల పిల్లను. బడికి పోలేదు. మా బాపు మగ్గం పక్కన కూర్చోబెట్టి, భజన పుస్తకంలో వేలు పెట్టి అక్షరాలు నేర్పాడు. ఆ నాలుగు అక్షరాలే ఇవాళ ఇలా పనికొచ్చాయి, ఆయనకు దండం. కోరుట్లకు కోడలిగా వచ్చాను. మా ఆయనకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. పెళ్లిళ్లకు, కొండగట్టు ఆంజనేయస్వామి మొక్కులకు కిరాయికి తిప్పేవాడు. చలికాలం తెల్లవారుజామున జగిత్యాల రోడ్డు మీద మంచు ఎంత దట్టంగా పడుతుందంటే, ముందుపోయే ఎద్దుబండి కూడా కనపడదు. అందుకని జగిత్యాలలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, పసుపుపచ్చని అద్దాల మంచులైట్లు రెండు తెచ్చి బంపరుకు బిగించాడు. వాటిని రోజూ తుడిచేవాడు. నా మొహం వైపు అంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశాడా అంటే, పోనీలెండి, మంచివాడు.

అవి ఉద్యమం రోజులు. నంబరు ప్లేటు మీద ఏపీ అక్షరాలను కప్పేసి టీజీ అని కాగితం అంటించాడు. ఒక మంగళవారం ఊరి బయట రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. మా వాడ వంతు పులిహోర. గంగాళాలు మా కారులో పోవాలి.

మంగళవారం ఆంజనేయస్వామి వారం. కారు ముందర కొబ్బరికాయ కొట్టడం ఎప్పుడూ మా ఆయన పని. ఆ రోజు ఆయన లోపల గంగాళాలు ఎత్తిస్తున్నాడు. మంచి పనికి బయలుదేరుతున్నాం కదా, ఆలస్యం ఎందుకని నేనే కాయ తీసుకున్నాను. తెలంగాణ వస్తే ఇదే కారులో కొండగట్టుకు వస్తామని మొక్కుకున్నాను. కళ్లు మూసుకుని, ముందు చక్రం దగ్గరున్న రాయి మీదికి బలంగా విసిరాను.

కళ్లు మూసుకున్నాను చూడండి, అదే తప్పు. కాయ రాయి అంచుకు తగిలి ఎగిరింది. ఎడమవైపు లైటుకు పోయి తగిలింది. లైటు పగిలింది. కాయ పగలలేదు!

దేవుడి కాయ పగలకపోవడం ఎంత అపశకునం! అదీ బయలుదేరే వేళ! కాయను కొంగు కింద దాచాను. మా ఆయన హడావిడిగా వచ్చి అటువైపు తలుపు తీసుకుని ఎక్కాడు. నేను పగిలిన లైటుకు అడ్డంగా నిలబడి, కారు కదిలేదాకా నవ్వుతూ చెయ్యి ఊపాను. కాయ విసరడం పొరపాటు. అలా నిలబడటం మాత్రం పొరపాటు కాదు. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు.

అక్కడ రోడ్డు మీద ఓదెలు డ్యూటీలో ఉన్నాడు. మా వెనక వీధిలోనే ఉంటాడు. ఖాకీ వేసుకోకముందు జగిత్యాలలో కార్ల వైరింగు పని చేసినవాడు. కారును పక్కకు పెట్టమని కట్టెతో బానెట్టు మీద రెండుసార్లు తట్టాడట. అందరూ చూశారు. గంగాళాలు దించేటప్పుడు లైటు పగిలి ఉండటం కూడా చూశారు. ఇంకేం కావాలి? పగిలిన లైటుకు బొట్టు పెట్టారు, దండ వేశారు. ఉద్యమంలో దెబ్బ తిన్న కారు అన్నారు. మా ఆయన చెప్పే కథలో కట్టె మధ్యాహ్నానికి లాఠీ అయింది, సాయంత్రానికి లాఠీలు నాలుగయ్యాయి. అంత సంతోషంగా ఆయనను నేను పెళ్లిరోజున కూడా చూడలేదు. ఎలా చెప్పను?

మరునాడు ఆ కాయను పగలగొట్టి పచ్చడి నూరాను. ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు.

ఓదెలు భార్య సరోజన బీడీలు చుట్టేది. వాడ ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లు. ఆ వారం ఆమె వచ్చి కూర్చోగానే చాటలన్నీ పక్క అరుగుకు జరిగాయి. ఆమె ఒక్కతే తల వంచుకుని ఆకు కత్తిరించుకుంది. నేను మా కిటికీలోంచి చూశాను. చూసి, పూజ గదిలోకి పోయి దండం పెట్టుకున్నాను. ఏమని? ఆ తల్లిని చల్లగా చూడు స్వామీ అని. దేవుడికి పని చెప్పాను, నా పని నేను చెయ్యలేదు.

ఆదివారం పొద్దున్నే, మంచులోంచి ఓదెలు వచ్చాడు. చేతిలో పచ్చని అద్దం. ఈ మాట ఇంతటితో ఆగితే చాలని, ఏదో తుక్కు కారు నుంచి విప్పి తెచ్చాడట. మా ఆయన ఇంకా లేవలేదు. ఓదెలు కారు ముందు గొంతుక్కూర్చుని మరలు విప్పాడు. పగిలిన అద్దం తీశాడు. అంచులో వేలు పెట్టి ఏదో లాగాడు. చాలాసేపు చూశాడు.

"ఏం దొరికింది ఓదెలూ?" అన్నాను.

"ఏం లే వదినె. పీచు." నా వైపు తలెత్తలేదు. "దేవుని కాయ పీచు లెక్క ఉన్నది. కాళ్ల కింద పడద్దు, గిది పట్టు."

చెయ్యి చాపాను. ఎర్రటి పీచు నాలుగు పోగులు. వాటి మీద నేను పెట్టిన పసుపే.

"ఓదెలూ, మరి నువ్వు ఎవ్వలకన్న..."

"జర చాయ్ పొయ్యి వదినె. చలి పెడుతున్నది. చక్కెర మంచిగెయ్యి."

మూడు చెంచాల చక్కెర వేశాను. నా ఒప్పుకోలంతా అందులోనే కరిగిపోయింది.

ఓదెలు బాగుచేయడంతో మాట ఇంకా గట్టిపడింది. తప్పు చేసినోడే గదా బాగుచేస్తడు అన్నారు. మా ఆయన పదిమందిలో ఓదెలు భుజం మీద చెయ్యి వేసి, "పోనియ్యిండ్రి, మనోడే, మాఫ్ చేసిన" అన్నాడు. ఏ తప్పూ లేని మనిషి తల వంచుకుని, నవ్వి, ఆ క్షమాపణ తీసుకున్నాడు. తలుపు చాటున నేను. మా ఆయన మనసు ఎంత పెద్దదో అని మురిశాను కూడా! ఆడదాని మనసు అంటారు గానీ, ఆ పూట నా మనసు నాకే అర్థం కాలేదు.

చాటలు మెల్లగా పాత అరుగుకు వచ్చాయి. పేరు మాత్రం పోలేదు. లైటు ఓదెలు. పిల్లలు కూడా అదే పిలుపు. కొన్నాళ్లకు వాళ్లు సరోజన పుట్టిల్లు రాయికల్‌కు మారిపోయారు.

తెలంగాణ వచ్చింది. కొండగట్టుకు పోయాం. తెల్లవారుజామున మంచులో రెండు లైట్లు వేశాడు మా ఆయన. కుడిది నిమ్మపండు రంగు, ఎడమది పసుపుకొమ్ము రంగు. తుక్కు అద్దం కదా, ముదురు పసుపు. కానీ దారి ఎడమవైపే బాగా కనపడింది. గుట్ట మీద కాయ మా ఆయనే కొట్టాడు. నేను అడగలేదు.

ఇన్నాళ్లకు ఎందుకు రాస్తున్నాను? మొన్న రాయికల్ సంతలో సరోజన కనపడింది. ఓదెలు పోయి రెండు వానాకాలాలైందని చెప్పింది. జ్వరమట. "కోరుట్లోళ్లు ఫ్లెక్సీ కట్టిండ్రక్కా, దాని మీద గూడ లైటు ఓదెలు అనే రాసిండ్రు" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఇద్దరం చెరో కిలో వంకాయలు కొనుక్కుని ఎవరి దారిన వాళ్లం వచ్చాం.

ఇప్పుడు చెప్పాను. ఓదెలు వినడు, తెలుసు. సరోజనకు చదువు రాదు. మా ఆయన చదువుతాడు, ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని ఒక్కో మాట. చదవనీ. ఆయన కథలో లాఠీలు నాలుగూ పోతాయి, పాపం. నాకు మాత్రం కొంగు ముడి విప్పినట్టుంది. పెంకు ఇంకా నా చేతిలోనే ఉంది, కానీ వెలుతురులో ఉంది.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మా కోరుట్ల వైపు వచ్చినప్పుడు ఎవరైనా ఉద్యమం ముచ్చట్లు చెబుతూ లైటు ఓదెలు అంటే, లైటు పగలగొట్టిన వాడు కాదు, పెట్టిన వాడు అని చెప్పండి. ఎక్కడైనా కొబ్బరికాయ కొట్టేటప్పుడు కళ్లు తెరిచి కొట్టండి. ఆ నీళ్లు చిందే క్షణంలో ఒక్కసారి ఓదెలును తలుచుకోండి.