సగం తీర్పు

ఈజిప్టులోని బెనీ సుయెఫ్ సంతలో తఫీదా రొట్టెలకు మంచి పేరుంది, ఆమె నోటికి అంతకన్నా పేరుంది. బేరమాడేవాళ్లను "పోయి రాళ్లు తినండి, అవైతే ఊరికే దొరుకుతాయి" అని తరిమేసేది. ఇరవై ఆరేళ్లకే మొగుడు పోతే, ఆ రొట్టెలు అమ్మి ఒక్కగానొక్క కొడుకు గాబిర్‌ను పెంచింది. వాడు పెద్దవాడై మినీబస్సు తోలుకుంటూ ఉండగా, బస్సుల అడ్డాలో జరిగిన కొట్లాటలో ఒకడు కత్తిపోటుకు చనిపోయాడు. పొడిచింది గాబిరేనని పదిహేనేళ్ల జైలు వేశారు.

ఇక మిగిలింది కైరోలోని ఆఖరి కోర్టు ఒక్కటే. లాయరు వగ్దీ గడువు దాటకుండా అప్పీలు పెట్టాడు. ఆ కాగితాలు మూడేళ్లు అక్కడే మూలిగాయి. తఫీదా నెలనెలా రైలెక్కి, కాళ్లరిగేలా తిరిగేది.

"నా బిడ్డ పొడవలేదని వాళ్లకు గట్టిగా చెప్పండి లాయరుగారూ."

"ఆ కోర్టు అది అడగదమ్మా. కింది జడ్జి చట్టప్రకారం తీర్పు రాశాడా లేదా, అంతే చూస్తుంది. తప్పుంటే మళ్లీ విచారించమంటుంది."

"మరి ఎవడు పొడిచాడని అడిగే కోర్టేది?"

"ఆ అడగడం అయిపోయిందిగా!"

తఫీదా ఈ మాట చచ్చినా నమ్మలేదు. అంత ఎత్తు భవనం కట్టుకుని, ఐదుగురు జడ్జీలు కూర్చుని, అసలు సంగతి అడక్కుండా ఉంటారా? ఆమె స్థానంలో ఎవరున్నా నమ్మరు.

ఆ కొట్లాటను కళ్లారా చూసినవాడు ఒకడున్నాడు. అడ్డా పక్కన ఉడికించిన చిక్కుడు గింజలమ్మే ఖలఫ్. పొడిచినవాడి బంధుబలగానికి భయపడి విచారణలో నోరు మెదపలేదు. తఫీదా అతణ్ణి తిట్టలేదు, బతిమాలలేదు. ప్రతి శుక్రవారం అతని గడప మీద నాలుగు రొట్టెలు పెట్టి వచ్చేసేది. రెండేళ్లు పెట్టింది. ఒక శుక్రవారం ఖలఫ్ వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

"ఇక చాలించు గాబిర్ తల్లీ! నీ రొట్టె గొంతు దిగట్లేదు. వస్తా. చూసింది చూసినట్టు చెప్తా."

తీర్పు రోజున ఖలఫ్ పండగకు దాచుకున్న అంగీ వేసుకుని కైరో వచ్చాడు. అతణ్ణి చూసి వగ్దీ నెత్తి కొట్టుకున్నాడు.

"ఈయన్నెందుకు తెచ్చావమ్మా? ఇక్కడ సాక్షుల్ని పిలవరని ఎన్నిసార్లు చెప్పాను?"

"కూర్చోనీ అయ్యా. ఎందుకైనా మంచిది. అడిగితే ఉంటాడు."

హాలు కిక్కిరిసి ఉంది. పెద్ద జడ్జి ఒక్కో పేరూ చదివి, ఒక్కో ముక్కలో తేల్చేస్తున్నాడు. గాబిర్ పేరు వచ్చింది. తఫీదా లేచి నిలబడింది.

"అప్పీలును పద్ధతి రీత్యా స్వీకరిస్తున్నాం..."

స్వీకరించారు! తఫీదా నాలుకాడిస్తూ, పెళ్లిళ్లలో వేసే సంతోషపు కేక వేసింది. ఆ హాలులోని తల్లులూ చెల్లెళ్లూ ఊరుకుంటారా? వాళ్లూ గొంతు కలిపారు. వెనక బెంచీలో ఉన్న ఒకామె తమ్ముడు గాబిర్ ఉండే జైల్లోనే ఉన్నాడు. ఆమె తఫీదా బుగ్గలు ముద్దుపెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ బయటికెళ్లిపోయింది.

ఆ గోలలో జడ్జి మిగతా సగం చదివేశాడు. "విషయం రీత్యా తోసిపుచ్చుతున్నాం." ఆ వెంటనే ఇంకొకడి పేరు.

వగ్దీ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "పద్ధతి అంటే సంతకం, గడువు సరిగ్గా ఉన్నాయని, అంతేనమ్మా. కేసు కొట్టేశారు. ఇంక పైన కోర్టు లేదు."

ఖలఫ్ చివాలున లేచాడు. "అయ్యా, నేను చూశాను! వాడు కాదు!" బంట్రోతు వచ్చి అతణ్ణి జబ్బ పట్టుకుని బయటికి నడిపించాడు. మెట్ల మీద కూలబడి ఖలఫ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నన్నెవ్వరూ అడగలేదు తల్లీ."

"అడిగిన రోజున నువ్వు చెప్పలేదు అన్నా," అంది తఫీదా. ఆ గొంతులో కోపం కూడా లేదు. కోపానికైనా ఓపిక కావాలి.

శనివారం ములాఖత్. దారి పొడవునా ఎలా చెప్పాలా అని మాటలు కూడదీసుకుంది. ఆమెకు తెలియనిదేమిటంటే, ఆ వెనక బెంచీ ఆమె గురువారమే తమ్ముణ్ణి చూడడానికి వచ్చి వెళ్లింది.

గాబిర్ గడ్డం గీయించుకుని వచ్చాడు. చేతిలో మూట ఉంది. మూడేళ్లలో వాడు అలా నవ్వగా ఆమె చూడలేదు.

"అమ్మా! గురువారమే తెలిసింది. కోర్టులో నువ్వే కేక మొదలెట్టావటగా! గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతకీ ఎప్పుడు పంపిస్తారు? నా చాప ఇచ్చేశా, దుప్పటి కూడా నా పక్కన పడుకునే ముసలాయనకిచ్చేశా."

తఫీదా కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి వాడి నున్నటి చెంప తడిమింది.

"దుప్పటి అడిగి తెచ్చుకో నాన్నా," అంది. "చలికాలం వస్తోంది."