గోడలు లేని భోజన హోటలు

ఒక్క గీత గీయకపోవడం వల్ల నిక్షేపంలాంటి హోటలును ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. నేను గీయని ఆ గీత పేరు గోడ.

డెబ్బైల చివర్లో మాట. కాలేజీ నుంచి అప్పుడే ఊడిపడ్డ ఆర్కిటెక్టుని. బెల్‌బాటమ్ ప్యాంటు, చంకలో డ్రాయింగుల చుట్ట, బుర్రలో మాత్రం గాలి. పుదుచ్చేరి ఒర్లియంపేటలో మా పక్కింటి గోవిందు మామ, బజారులో కొట్టు తమ్ముడికి అప్పగించేసి, విల్లియనూరు రోడ్డు మీద పొలాల మధ్య భోజన హోటలు పెట్టబోయాడు. ఇక ఆయన బతుకంతా దాని మీదే. తెచ్చి తెచ్చి దాన్ని నా చేతిలో పెట్టాడు, పాపం!

ప్లాను చూసి, "గోడలు యాడ అబ్బయ్యా?" అన్నాడు.

"ప్రకృతికి అడ్డం గోడలెందుకు మామా? తాటాకు కప్పు, సరుగుడు గుంజలు, చుట్టూ పచ్చని వరి. అంతే!"

"వంటింటికి పెట్టినావే?"

"పొగ కనబడితే అందం చెడుతుంది."

"తినేది జనం చూస్తారు గదప్పా?"

"చూడనీ. నోరూరి లోపలికొస్తారు!"

ఆ మాటన్న వెధవ ఇప్పుడు ఎదురుపడితే చెంప పగలగొడతాను.

మొదటిరోజు హోటలు కిటకిటలాడింది. ఆకులు పడ్డాయి, పప్పు పడింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా బస్సు ఆగింది. కిటికీకి రెండేసి తలలు, తలకు రెండేసి కళ్ళు, అన్నీ మా ఆకుల్లోనే!

"ఏందిది? నోట్లో ముద్ద పెడతా ఉంటే గుడ్లప్పగించి చూస్తా ఉండారు! దిష్టి తగలదా?" అంటూ ఒక ముసలమ్మ ఆకు మీద కొంగు కప్పేసింది.

చూస్తుండగానే ఒక్కొక్కరే ఆకులెత్తుకుని మాయమయ్యారు. ఎలా తినాలో లోకానికి చూపిద్దామని మహానుభావుణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఇంకో బస్సు ఆగింది.

"సార్, సాంబారు మోచేతికి కారతా ఉంది, చూసుకోండి!" కిటికీలోంచి ఎవరో అరిచారు. బస్సంతా నవ్వింది.

ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆకెత్తుకుని వంటింట్లోకి పరుగెత్తాను. చూద్దును కదా, బియ్యం బస్తాల మీద, కట్టెల మోపుల మీద, పొయ్యి పక్కన మా హోటలు మొత్తం అక్కడే కూర్చుని హాయిగా తింటోంది!

గోవిందు మామ చేతిలో గరిటెతో నావైపు చూశాడు. "జరగండప్పా, ఇంజినీరుకు చోటియ్యండి. మన హోటలు ఈడుంది."

ఆ వారమే మామ చుట్టూ గోడలు లేపించాడు, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా. హోటలు బతికిపోయింది.

నేను మాత్రం ఆనాడే, ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటూ, పప్పన్నం ముద్ద చేతబట్టి శపథం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ప్రకృతి జోలికి పోను. పోక తప్పకపోతే, ముందు దాని చుట్టూ నాలుగు గోడలు కట్టించి మరీ పోతాను.